కార్డు బయటికి తీసేలోపు

2016 జూలై నెల. అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రం. నార్త్ మయామి అనే ఊళ్లో నడిరోడ్డు మీద ఒక యువకుడు బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. చేతిలో బొమ్మ ట్రక్కు. దాన్ని తిప్పుకుంటూ తన లోకంలో తానున్నాడు. అతనికి ఆటిజం. దగ్గర్లోని సంరక్షణ గృహం నుంచి ఎవరికీ చెప్పకుండా బయటికి వచ్చేశాడు. అతన్ని బుజ్జగించి వెనక్కి తీసుకెళ్లడానికి ఒక థెరపిస్టు వెంట వచ్చాడు. ఇంతలో దారిన పోయేవాళ్లెవరో పోలీసులకు ఫోన్ చేశారు. రోడ్డు మీద ఒకడు తుపాకీలాంటిది పట్టుకుని కూర్చున్నాడు, కాల్చుకునేలా ఉన్నాడు అని.

పోలీసులు వచ్చారు. తుపాకులు ఎక్కుపెట్టారు. థెరపిస్టు వెంటనే నేల మీద వెల్లకిలా పడుకున్నాడు. రెండు చేతులూ పైకెత్తాడు. గొంతెత్తి చెప్పాడు. అతని చేతిలో ఉన్నది బొమ్మ ట్రక్కు, తుపాకులు అక్కర్లేదు అని. చేతులెత్తి పడుకున్న ఆ దృశ్యాన్ని ఒకరు ఫోన్‌లో వీడియో తీశారు కూడా. అయినా ఒక అధికారి కాల్చాడు. తూటా వెళ్లి తగిలింది ఆ థెరపిస్టు కాలికే. ఎందుకు కాల్చావని అడిగితే ఆ అధికారి తెలియదన్నాడని, ఆ తర్వాత థెరపిస్టు ఆసుపత్రి మంచం మీద నుంచి విలేకరులకు చెప్పాడు.

ఈ సంఘటనను ఒక్కసారి నెమ్మదిగా తలుచుకోండి. ఆటిజం ఉన్న ఆ యువకుడి జేబులో ఏ కార్డు ఉన్నా దాని మీద ఏం రాసి ఉంటుంది? నాకు ఆటిజం ఉంది, నా వల్ల ప్రమాదం లేదు, కొంచెం నిదానించండి అనే కదా. ఆ మాటలన్నీ పక్కనే ఉన్న మనిషి నోటితో, అందరికీ వినిపించేలా చెప్పాడు. అయినా తూటా ఆగలేదు.

ఇదంతా ఎందుకు చెప్పుకోవాలంటే, ఈ పదేళ్లలో అమెరికాలో అనేక రాష్ట్రాలు గుర్తింపు కార్డుల మీద, డ్రైవింగ్ లైసెన్సుల మీద ఆటిజాన్ని సూచించే గుర్తు వేయడం మొదలుపెట్టాయి. దాంతోపాటు పోలీసులకు శిక్షణ ఇవ్వాలని చట్టాలూ చేశాయి. కార్డు ఒకటి, శిక్షణ ఒకటి. ఈ రెండింటిలో ఏది ముందు పనిచేస్తుంది? ఈ ప్రసంగమంతా ఆ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

ఆటిజం అంటే ఏమిటో శ్రోతల్లో చాలామందికి తెలుసు. బంధువుల్లోనో, పక్క వీధిలోనో అలాంటి బిడ్డ ఒకరు ఉండే ఉంటారు. అమెరికాలో ఎనిమిదేళ్ల పిల్లల్లో ప్రతి 31 మందికి ఒకరిలో ఆటిజాన్ని గుర్తించినట్టు అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ 2025లో ప్రకటించింది. ఆ పిల్లలు పిల్లలుగానే ఉండిపోరు కదా. పెద్దవాళ్లవుతారు. ఒంటరిగా బస్సెక్కుతారు. కొందరు కారు నడుపుతారు. రాత్రి భోజనమయ్యాక నడకకు బయల్దేరతారు. ఎప్పుడో ఒకప్పుడు పోలీసు ఎదురవుతాడు.

ఇప్పుడు ఆ పోలీసు కళ్లతో చూడండి. పేరు అడిగాడు. జవాబు లేదు. మళ్లీ అడిగాడు. నీ పేరేంటి అంటే, ఎదుటివాడు కూడా నీ పేరేంటి అనే అంటున్నాడు. వెటకారం అనిపించదూ? మొహంలోకి చూడడం లేదు. ఏదో దాస్తున్నాడనిపించదూ? చేతులు అదేపనిగా ఆడిస్తున్నాడు, ముందుకీ వెనక్కీ ఊగుతున్నాడు. ఏ మత్తుమందో తీసుకున్నాడనిపించదూ? భుజం మీద చెయ్యి వేయగానే విదిలించుకుని పరుగు తీశాడు. ఇక ఆ పోలీసుకు అనుమానం కూడా మిగలదు.

ఆ ప్రశ్నను తిరిగి అనడం ఆటిజంలో మామూలే. కంటిలోకి చూడలేకపోవడం మామూలే. చేతులు ఆడించడం, ఊగడం మనసును కుదుటపరుచుకునే పద్ధతి. తల్లిదండ్రులు, థెరపిస్టులు దాన్ని స్టిమ్మింగ్ అంటారు. ముట్టుకుంటే ఉలిక్కిపడడం, సైరన్ మోతకు చెవులు మూసుకుని పారిపోవడం, అవీ మామూలే. కానీ ఇవన్నీ పోలీసు శిక్షణలో అనుమానితుల లక్షణాలుగా నేర్పినవే. ఒకే ప్రవర్తన. ఇటు నుంచి చూస్తే భయం. అటు నుంచి చూస్తే నేరం.

అరిజోనా రాష్ట్రంలో బక్‌ఐ అనే ఊరుంది. 2017 జూలైలో అక్కడి పార్కులో పద్నాలుగేళ్ల అబ్బాయి ఒక తాడు ముక్కను వేళ్ల మధ్య ఆడిస్తూ ఒంటరిగా నిలబడ్డాడు. తోడు వచ్చిన ఆవిడ కాస్త పక్కకు వెళ్లింది. అటుగా వచ్చిన పోలీసు అధికారికి మత్తుమందు వాడినవాళ్లను గుర్తుపట్టడంలో ప్రత్యేక శిక్షణ ఉంది. ఏం చేస్తున్నావు అని అడిగాడు. ఆ పిల్లవాడు నిజమే చెప్పాడు. స్టిమ్మింగ్ చేస్తున్నానన్నాడు. ఆ మాట అధికారికి తెలియదు. కాసేపటికి పిల్లవాడు నేల మీద ఉన్నాడు, అధికారి అతని మీద ఉన్నాడు. ఆ పోలీసు యూనిఫాం మీది కెమెరా ఇదంతా రికార్డు చేసింది. ఇక్కడ శిక్షణ లేకపోవడం ఒక్కటే తప్పు కాదు. ఉన్న శిక్షణ ఒకే దిక్కుకు చూడడం నేర్పింది. తాడు ఆడించే పిల్లవాడిలో అది మత్తుమందునే చూసింది.

ఇంకా దగ్గరి సంగతి. 2025 ఏప్రిల్. ఐడహో రాష్ట్రంలో పోకటెల్లో అనే పట్టణం. పదిహేడేళ్ల కుర్రవాడు. ఆటిజంతోపాటు అతనికి సెరిబ్రల్ పాల్సీ ఉంది. మాట రాదు. తడబడుతూ నడుస్తాడు. ఆ రోజు ఇంటి పెరట్లో చేతిలో కత్తితో ఉన్నాడు. తాగి ఉన్నవాడెవడో కత్తి పట్టుకుని తిరుగుతున్నాడని పోలీసులకు ఫోన్ వెళ్లింది. తడబడే నడకను తాగుడు అనుకున్నారన్నమాట. పోలీసులు వచ్చారు. వాళ్లకూ కుర్రవాడికీ మధ్య ఇనుప జాలీ కంచె ఉంది. కత్తి కింద పడెయ్యమని అరిచారు. అర నిమిషం కూడా గడవకముందే కాల్చారు. వారం రోజుల తర్వాత ఆ కుర్రవాడు ఆసుపత్రిలో చనిపోయాడు.

అర నిమిషం. ఆ అర నిమిషంలో జేబులోంచి కార్డు తీసి, కంచె దాకా వెళ్లి చూపించగలిగేది ఎవరు?

ఇక కార్డుల సంగతి చూద్దాం. వర్జీనియా రాష్ట్రం 2014లో ఒక చట్టం చేసింది. ఆటిజంలాంటి, పైకి కనిపించని వైకల్యం ఉన్నవాళ్లు కోరుకుంటే లైసెన్సు మీదా గుర్తింపు కార్డు మీదా ఆ విషయాన్ని సూచించే సంకేతం వేస్తారు. డాక్టరు ధ్రువీకరించాలి. బలవంతం ఏమీ లేదు. ఫ్లోరిడాలో అయితే డి అనే ఒక్క అక్షరం. ఎదుగుదలకు సంబంధించిన వైకల్యం ఉందని దానర్థం. తెలిసిన పోలీసు ఆ అక్షరం చూడగానే గొంతు తగ్గిస్తాడని ఆశ. తెలియని పోలీసుకు అది ఇంగ్లీషు అక్షరమాలలో ఒక అక్షరం, అంతే.

టెక్సస్ వాళ్లు ఇంకోలా ఆలోచించారు. అక్కడ లైసెన్సు మీద ఆటిజం అనే మాటే ఉండదు. పోలీసు అధికారితో మాట్లాడడంలో ఇబ్బంది ఉందని మాత్రం ఉంటుంది. ఇది తెలివైన పని. ఎవరికి ఏ జబ్బు ఉందో పోలీసుకు అనవసరం. ఎదుటి మనిషికి వెంటనే జవాబివ్వడం కష్టమని తెలిస్తే చాలు. చెవిటివాళ్లకూ అదే రాత ఉపయోగపడుతుంది. పక్షవాతంతో మాట పడిపోయినవాళ్లకూ ఉపయోగపడుతుంది.

కానీ ఒక చిక్కు అలాగే ఉండిపోయింది. కార్డు ఎక్కడుంటుంది? జేబులో. లేదా కారులో డాష్‌బోర్డు అరలో. దాన్ని తీయాలంటే చెయ్యి అటు వెళ్లాలి. అమెరికాలో పోలీసు కారు ఆపినప్పుడు చెయ్యకూడని మొదటి పని అదే. చేతులు స్టీరింగ్ మీద కనిపించేలా ఉండాలి. జేబులోకి వెళ్లిన చెయ్యి తుపాకీ కోసం వెళ్లిందని అక్కడి పోలీసు అనుకుంటాడు. ఎందుకంటే అక్కడ నిజంగానే ఎవరి దగ్గరైనా తుపాకీ ఉండొచ్చు. అంటే, నేను ప్రమాదకరమైన మనిషిని కానని రుజువు చేసే కార్డును తీయబోవడమే అన్నిటికంటే ప్రమాదకరమైన క్షణం. ఇది వినడానికి విడ్డూరంగా ఉంటుంది. కానీ కార్డు పథకాల గురించి తల్లిదండ్రులు మొదట అడిగే ప్రశ్న ఇదే.

ఈ చిక్కుకు రెండు రాష్ట్రాలు రెండు విరుగుడులు కనిపెట్టాయి. రెండూ వినదగ్గవి.

మొదటిది టెక్సస్‌దే. 2019లో చేసిన శామ్యూల్ అలెన్ చట్టం. కారు రిజిస్ట్రేషన్ చేయించుకునేటప్పుడే, ఈ వాహనం నడిపే మనిషికి మాట్లాడడంలో ఇబ్బంది ఉందని నమోదు చేయించుకోవచ్చు. పోలీసు కారును ఆపినప్పుడు ఏం చేస్తాడు? ముందుగా నంబరు ప్లేటును తన కంప్యూటర్‌లో కొట్టి చూస్తాడు. అక్కడే ఆ సమాచారం కనిపిస్తుంది. ఇంకా అతను తన కారు దిగలేదు. కిటికీ దగ్గరికి రాలేదు. టార్చిలైటు వేయలేదు. డ్రైవరు జేబులో చెయ్యి పెట్టాల్సిన పనే లేదు. సమాచారం కార్డు కంటే ముందే చేరింది.

రెండోది కనెటికట్ రాష్ట్రంలో, 2020 జనవరి నుంచి అమల్లోకి వచ్చింది. నీలం కవరు. నిజంగా కవరే. లైసెన్సు, ఆర్‌సీ, ఇన్సూరెన్స్ కాగితాలు అందులో పెట్టుకుంటారు. ఒకవైపు డ్రైవరు కోసం నాలుగు మాటలు. చేతులు స్టీరింగ్ మీద ఉంచండి. పోలీసు టార్చి వేయొచ్చు, కంగారుపడకండి. వెళ్లమని చెప్పేదాకా కదలకండి. రెండోవైపు పోలీసు కోసం. ఈ డ్రైవరు మీ కళ్లలోకి చూడకపోవచ్చు. చేతులు ఆడించొచ్చు. సూటిగా, చిన్న మాటల్లో చెప్పండి. జవాబుకు కాస్త ఎక్కువ సమయం ఇవ్వండి. ఆ తర్వాత మసాచుసెట్స్ వంటి మరికొన్ని రాష్ట్రాలూ ఈ పద్ధతి తీసుకున్నాయి. కవరు పెద్దది, రంగుది, దూరం నుంచే కనబడుతుంది. జేబులో దాచలేనిది. ఆ కవరు తీయడానికి కూడా చెయ్యి కదలాల్సిందే అన్నది నిజం. కానీ దాని తయారీలో పోలీసు అధికారుల సంఘమే పాలుపంచుకుంది. అందుకని నీలం కవరు అంటే ఏమిటో అక్కడి పోలీసులకు ముందే చెప్పారు. కవరు కన్నా ఆ ముందు చెప్పడమే దానికి బలం.

శ్రోతలు ఒక సంగతి మాత్రం గుర్తుంచుకోవాలి. కార్డు బయటికి రావడానికి ముందు గడిచే క్షణాలు పోలీసు శిక్షణ చేతిలో ఉంటాయి. కార్డు బయటికి వచ్చాక గడిచే క్షణాలే కార్డు చేతిలో ఉంటాయి.

మరి ఆ శిక్షణ ఎలా ఉంది? దీనికి బాట వేసినవాళ్లలో డెనిస్ డెబోడ్ ఒకరు. డెట్రాయిట్ ప్రాంతంలో ప్రైవేటు డిటెక్టివుగా పనిచేసేవాడు. ఆయన కొడుక్కి ఆటిజం. ఇటు పోలీసుల పద్ధతి తెలుసు, అటు ఇంట్లో పిల్లవాడి పద్ధతి తెలుసు. ఈ రెండూ రోడ్డు మీద ఎదురుపడితే ఏమవుతుందో ఊహించుకోవడం ఆయనకు కష్టం కాలేదు. 1990ల నుంచి పోలీసుల కోసం రాస్తూ, వీడియోలు తీస్తూ, ఊరూరా తిరిగి తరగతులు చెప్పాడు. నార్త్ మయామి కాల్పుల తర్వాత 2017లో ఫ్లోరిడా రాష్ట్రం పోలీసుల శిక్షణలో ఆటిజం పాఠాన్ని చట్టంలోకే ఎక్కించింది.

అంతకుముందే ఇంకో ప్రయోగం ఉంది. టెనెసీ రాష్ట్రంలో మెంఫిస్ నగరం. 1987లో మానసిక అనారోగ్యం ఉన్న ఒక యువకుణ్ని పోలీసులు కాల్చి చంపారు. ఊరు భగ్గుమంది. మరుసటి ఏడాది ఆ నగరం ఒక ప్రత్యేక బృందాన్ని తయారుచేసింది. స్వచ్ఛందంగా ముందుకొచ్చిన పోలీసులకు 40 గంటల శిక్షణ. డాక్టర్లు, రోగుల కుటుంబాలు, రోగులే వచ్చి పాఠాలు చెబుతారు. ఆ నమూనా అమెరికా అంతా పాకింది.

పాకింది కానీ, అవసరమైన రాత్రి అవసరమైన మనిషి రావాలి కదా. 2020 సెప్టెంబరులో సాల్ట్ లేక్ సిటీలో ఒక తల్లి ఫోన్ చేసింది. పదమూడేళ్ల కొడుకు, ఆటిజం, అదుపు తప్పాడు, అలాంటి శిక్షణ ఉన్న అధికారినే పంపండి అని అడిగింది. తన దగ్గర ఉన్న సమాచారమంతా చెప్పింది. వచ్చిన పోలీసులు పరుగెత్తుతున్న పిల్లవాణ్ని కాల్చారు. ఎన్నో తూటాలు తగిలాయి. ప్రాణం మాత్రం దక్కింది. తల్లి అడగాల్సినదే అడిగింది. వ్యవస్థ దగ్గర అలాంటి శిక్షణా ఉంది. అయినా ఆ రాత్రి జరిగింది వేరు.

అందుకే ఇప్పుడు శిక్షణ ఇచ్చేవాళ్లు ఎక్కువమంది ఒక మాట అంటున్నారు. గంటసేపు వీడియో చూపించి సంతకం పెట్టించుకుంటే, ఈత గురించి పుస్తకం చదివి చెరువులో దిగినట్టే ఉంటుందని. పోలీసు ఒక్కసారైనా ఆటిజం ఉన్న పెద్దవాళ్లతో కూర్చోవాలి. వాళ్లు జవాబు చెప్పడానికి ఎంత సమయం పడుతుందో తన చెవులతో వినాలి. ఒక ప్రశ్న అడిగి, మనసులో పది లెక్కపెట్టి, అప్పుడు రెండో ప్రశ్న అడగడం సాధన చేయాలి. పది లెక్కపెట్టడం చిన్న పనే. తుపాకీ ఒరలో ఉంచి పది లెక్కపెట్టడం మాత్రం నేర్చుకుంటేనే వస్తుంది.

రెండోవైపు కూడా సాధన ఉంది. బీ సేఫ్ అనే ఒక సినిమా 2013లో వచ్చింది. పోలీసు ఎదురైతే ఎలా నిలబడాలి, చేతులు ఎక్కడ ఉంచాలి, ఏం చెప్పాలి అని ఆటిజం ఉన్నవాళ్లకు దృశ్యాలుగా చూపించే సినిమా. ఫిలడెల్ఫియాలో పిల్లల ఆసుపత్రి పరిశోధకులు ఇంకో అడుగు వేశారు. కళ్లకు తగిలించుకునే వర్చువల్ రియాలిటీ పరికరంలో బొమ్మ పోలీసు ఎదురుపడతాడు, పేరు అడుగుతాడు, నిలబడమంటాడు. నిజం పోలీసు ఎదురయ్యే లోపే ఎన్నిసార్లైనా తప్పు చేసి సరిదిద్దుకోవచ్చు. మంచిదే. కానీ ఒక పక్క పదహారేళ్ల పిల్లవాడు పోలీసు కోసం నెలల తరబడి సాధన చేస్తుంటే, మరో పక్క జీతం తీసుకునే పోలీసు గంట వీడియోతో సరిపెట్టుకోవడం చూస్తే, బరువు ఎవరి మీద పడిందో తెలుస్తూనే ఉంది.

కార్డుల మీద అభ్యంతరాలూ ఉన్నాయి. అవి లేవదీసినవాళ్లు ఆటిజం ఉన్న పెద్దవాళ్లే. కార్డు మీద రాత చూసి బ్యాంకులో, అద్దె ఇంటి దగ్గర, ఉద్యోగంలో చులకన చేయరా అని వాళ్ల ప్రశ్న. లైసెన్సు అంటే పోలీసుకు ఒక్కడికే చూపించేది కాదు కదా. అంతకంటే పెద్ద భయం జాబితాలది. ఎవరెవరికి ఆటిజం ఉందో ప్రభుత్వం ఒకచోట రాసి పెట్టుకుంటే, రేపు ఎవరి చేతిలో పడుతుంది? ఇది ఊహ మీద కట్టిన భయం కాదు. 2025 ఏప్రిల్‌లో అమెరికా ప్రభుత్వం ఆటిజం ఉన్నవాళ్ల జాతీయ రిజిస్ట్రీ తయారుచేస్తుందన్న వార్త రాగానే దేశమంతా గగ్గోలు పుట్టింది. రిజిస్ట్రీ కాదు, పరిశోధన కోసం సమాచారం అని ప్రభుత్వం సర్దిచెప్పాల్సి వచ్చింది. మరికొందరు ఇంకా ముందుకెళ్లి, అసలు ఇలాంటి పిలుపుకు పోలీసు ఎందుకు వెళ్లాలి అంటారు. ఇల్లినాయ్ రాష్ట్రం 2021లో అలాంటి చట్టమే చేసింది. మానసిక ఇబ్బందికి సంబంధించిన పిలుపు వస్తే ఆ రంగంలో అనుభవం ఉన్నవాళ్లు వెళ్లాలని. 2012లో తన ఇంట్లోనే పోలీసు తూటాకు బలైన, ఆటిజం ఉన్న పదిహేనేళ్ల పిల్లవాడి కుటుంబం ఏళ్ల తరబడి పోరాడి సాధించిన చట్టం అది.

డాలస్‌లోనో న్యూజెర్సీలోనో స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో ఆటిజం ఉన్న పిల్లలు ఇప్పుడు లైసెన్సు వయసుకు వస్తున్నారు. ఆ తల్లిదండ్రులకు ఈ అక్షరాలు, కవర్లు, రిజిస్ట్రేషన్ కాగితాలు రేపటి పనులు. ఇక్కడ, మన ఊళ్లలో పరిస్థితి వేరు. అయినా కార్డు ఇక్కడా ఉంది.

ఆటిజాన్ని కొలవడానికి మన దేశంలో ప్రభుత్వం వాడే కొలమానం తయారైంది సికింద్రాబాద్‌లోనే. బోయినపల్లిలోని మనోవికాస్ నగర్‌లో ఉన్న జాతీయ సంస్థ దాన్ని రూపొందించింది. నలభై అంశాలు ఉంటాయి. ఒక్కోదానికి మార్కులు వేసి, ఆటిజం ఉందా, ఉంటే ఎంత అని తేలుస్తారు. 1995 నాటి వికలాంగుల చట్టంలో ఆటిజం పేరు కూడా లేదు. 2016 చట్టం వచ్చాక, 21 రకాల వైకల్యాల్లో అదీ ఒకటైంది. ఇప్పుడు సదరం క్యాంపుకు వెళ్లిన తల్లిదండ్రులు ఆ పేరుతో ధ్రువపత్రం తీసుకోగలుగుతున్నారు. వైకల్యం ఉన్నవాళ్లకు ఇచ్చే గుర్తింపు కార్డు, అంటే యూడీఐడీ కార్డు మీద వైకల్యం రకం, శాతం అచ్చవుతాయి.

ఆ కార్డు ఎక్కడుంటుంది? బీరువాలో. పింఛను కోసం, బస్‌పాస్ కోసం, రైలు రాయితీ కోసం బయటికి వస్తుంది. పని కాగానే మళ్లీ ప్లాస్టిక్ కవరులోకి వెళుతుంది. పోతే మళ్లీ ఆసుపత్రి చుట్టూ తిరగాలన్న భయంతో పిల్లవాడి జేబులో ఎవరూ పెట్టరు. రోడ్డు మీద వాడే కార్డుగా దాన్ని ఎవరూ ఊహించలేదు. వీధిలో నిలబడ్డ కానిస్టేబుల్‌కూ, హోంగార్డుకూ ఆ కార్డు చూపిస్తే ఏం చేయాలో ఎవరైనా చెప్పారా? అదే 2016 చట్టంలో, పోలీసు అధికారుల శిక్షణలో వైకల్య హక్కుల పాఠం తప్పనిసరిగా ఉండాలని 47వ సెక్షన్ చెబుతోంది. చట్టంలో ఉన్న మాట అది. జిల్లా ఎస్పీని, పోలీసు శిక్షణ కళాశాలను తల్లిదండ్రుల సంఘాలు నిలదీసి అడగదగిన మాట.

ఇంకో రక్షణ కూడా ఉంది. 2024 జూలై నుంచి అమల్లో ఉన్న కొత్త నేర ప్రక్రియ చట్టం ప్రకారం, వైకల్యం ఉన్న మనిషిని సాక్ష్యం కోసం స్టేషన్‌కు రమ్మని ఒత్తిడి చేయకూడదు. పోలీసే ఇంటికి రావాలి. లైంగిక దాడిలాంటి నేరాల్లో బాధితులైతే, వాళ్ల ఫిర్యాదును వాళ్లకు వీలైన చోట, స్పెషల్ ఎడ్యుకేటర్ సమక్షంలో, వీడియో తీస్తూ నమోదు చేయాలి. ఇది తెలియని స్టేషన్లు ఉంటే, మర్యాదగా గుర్తుచేయడం మన పని.

మన దగ్గర పోలీసు చేతిలో తుపాకీ అరుదు. అంతమాత్రాన భయం లేదనుకోవద్దు. మన దగ్గర భయం గుంపుతో. 2018 వేసవి గుర్తుందా? పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని వాట్సాప్‌లో పుకార్లు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ అపరిచితుల్ని, యాచకుల్ని పట్టుకుని కొట్టారు. ప్రాణాలు పోయాయి. ఎవరు నువ్వు, ఏ ఊరు అని పదిమంది చుట్టుముట్టి అరిస్తే జవాబు చెప్పలేని మనిషి గతి ఏమిటి? ఆటిజం ఉన్నవాళ్లకు సరిగ్గా ఆ ప్రశ్నలే కష్టం.

అప్పుడు జోగుళాంబ గద్వాల, వనపర్తి జిల్లాల ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి ఒక పని చేశారు. ఊరికో పోలీసును కేటాయించారు. ఆ పోలీసు ఊరి వాట్సాప్ గ్రూపుల్లో చేరాడు, గడప గడపకూ వెళ్లి మాట్లాడాడు. డప్పులు కొట్టించారు. జానపద కళాకారులతో పాటలు పాడించారు. కొత్త మనిషి కనిపిస్తే చెయ్యి చేసుకోవద్దు, ఫోన్ చేయండి అని. ఆ పల్లెల్లో ఎవరి ప్రాణమూ పోలేదు. ఆటిజం కోసం చేసిన పని కాదది. అయినా పోలీసుకు ముందు నేర్పితే, పోలీసు ఊరికి నేర్పగలడని చూపించింది. కార్డు లేని చోట కూడా పనికొచ్చే విద్య అది.

తప్పిపోయే పిల్లల సంగతి మరీ ముఖ్యం. ఆటిజం ఉన్న పిల్లల్లో దాదాపు సగం మంది, నాలుగేళ్లు దాటాక ఒక్కసారైనా ఇంటి నుంచో బడి నుంచో వెళ్లిపోయే ప్రయత్నం చేశారని 2012లో అచ్చయిన ఒక అమెరికా అధ్యయనం చెప్పింది. వెళ్లాక ఊరు, పేరు చెప్పలేరు. తెలంగాణ పోలీసులు దర్పణ్ అనే సాఫ్ట్‌వేర్ వాడుతున్నారు. దేశంలోని బాలల వసతిగృహాల్లో ఉన్న పిల్లల ఫొటోలను, తప్పిపోయిన పిల్లల ఫొటోలతో పోల్చి చూస్తుంది. 2015లో ఉత్తరప్రదేశ్‌లో తప్పిపోయిన పిల్లవాణ్ని, ఐదేళ్ల తర్వాత అస్సాంలోని ఒక వసతిగృహంలో అది గుర్తుపట్టింది. నాగపూర్‌లో ఇంకో సంగతి. మేధో వైకల్యం ఉన్న ఒక కుర్రవాణ్ని ఒక కుటుంబం ఏళ్ల తరబడి పెంచుకుంది. 2021లో అతనికి ఆధార్ తీయించబోతే కంప్యూటర్ ఒప్పుకోలేదు. ఈ వేలిముద్రల మీద ఇదివరకే ఆధార్ ఉందంది. అలా జబల్‌పూర్‌లోని కన్నవాళ్లు దొరికారు. నోరు చెప్పలేని చిరునామాను వేలు చెప్పింది. మాట రాని పిల్లలకు చిన్న వయసులోనే ఆధార్ తీయించి, వేలిముద్రలు సకాలంలో నవీకరించడం ఎంత పనికొస్తుందో దీన్నిబట్టి తెలుస్తుంది.

ఇంట్లో ఆటిజం ఉన్న పిల్లలున్న శ్రోతలకు ఇక కొన్ని పనికొచ్చే మాటలు. నెమ్మదిగా వినండి.

పిల్లవాణ్ని తీసుకుని, తీరిక ఉన్న రోజు, మీ పరిధిలోని స్టేషన్‌కు ఒకసారి వెళ్లండి. ఎస్‌ఐ గారికి, బీట్ కానిస్టేబుల్‌కు చూపించండి. పిల్లవాడికి యూనిఫాం అలవాటవుతుంది. వాళ్లకు పిల్లవాడు అలవాటవుతాడు. కిరాణా కొట్టు ఆయనకు, ఆటోస్టాండులో వాళ్లకు, అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌కు ఫొటో చూపించి చెప్పి ఉంచండి. ఫోన్ నంబరు ఉన్న లాకెట్టో, చొక్కా లోపల కుట్టిన గుడ్డ ముక్కో ఏదో ఒకటి ఒంటి మీద ఉండాలి. జేబులో ఉంటే చాలదు. యూడీఐడీ కార్డుకు ఒక జిరాక్స్ తీసి లామినేషన్ చేయిస్తే అసలుది బీరువాలోనే ఉంటుంది.

112కి ఫోన్ చేయాల్సి వస్తే మొదటి మాటలోనే చెప్పండి. ఆటిజం ఉంది, మాట రాదు, చేతిలో ఏమీ లేదు అని. ఏదైనా ఉంటే అది ఏమిటో కచ్చితంగా చెప్పండి. సైరన్ మోగించవద్దని అడగండి. ఫోన్ పెట్టేసే ముందు, ఈ సంగతి బయల్దేరిన వాళ్లకు చెప్పారా అని మళ్లీ అడగండి. మళ్లీ అడగడం ముఖ్యం. పోకటెల్లోలో తప్పుడు మాట చేరింది ఫోన్‌లోనే.

పిల్లవాడు కనబడకపోతే మొదట నీళ్లున్న చోట వెతకండి. ఈ పిల్లల్లో చాలామందికి నీళ్లంటే ఇష్టం. ఇంటి సంపు మూత, పక్కవాళ్ల బావి, కాలువ, చెరువు, కట్టడం సగంలో ఆగిన ఇళ్ల దగ్గర నీళ్లు నిలిచిన గుంటలు. ఇరుగుపొరుగులో ఒక్కొక్కర్ని ఒక్కో వైపు పంపండి. వాళ్లు వెతుకుతుండగానే ఇంకొకరు 112కి ఫోన్ చేయాలి. అందరూ వెతికి వచ్చేదాకా ఆగవద్దు.